పదహారో పూస

అబర్డీన్ బజారుకు కొత్తగా వచ్చినప్పుడు మనం ఊరిని ఎలా నేర్చుకుంటాం? గడియారస్తంభం పక్కన ఏ కొట్టు, ఆ కొట్టు పక్కన ఏ సందు అని కలుపుకుంటూ పోతాం. పటం దానంతట అదే తయారవుతుంది. ప్రోటీన్ల ఆకారం కనుక్కునే ఒక పద్ధతీ ఇలాంటిదే.

మన రక్తంలో ఫ్యాక్టర్ హెచ్ అనే ప్రోటీన్ ఉంది. క్రిములపై దాడిచేసే కాంప్లిమెంట్ వ్యవస్థ మన కణాలనే దెబ్బతీయకుండా ఇది కాపలా కాస్తుంది. బజారులో దొరికే గవ్వల దండలాగా ఇందులో 20 పూసలు వరుసగా ఉంటాయి. ఒక్కో పూసలో సుమారు 60 అమైనో ఆమ్లాలు.

దండంతా ఒకేసారి చూడటం కష్టం. అందుకే 1991లో ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు పదహారో పూసను మాత్రమే తీసుకున్నారు. స్ఫటికంగా మార్చకుండా, నీటిలో కరిగించి, బలమైన అయస్కాంతం మధ్య ఉంచి రేడియో తరంగాలు పంపారు. దీన్నే ఎన్ఎంఆర్ అంటారు. ఆసుపత్రిలోని ఎంఆర్ఐ కూడా ఈ సూత్రంతోనే పనిచేస్తుంది. దాదాపు 5 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు ఉన్న హైడ్రోజన్ కేంద్రకాలు ఒకదాని సంకేతాన్ని మరొకటి మారుస్తాయి. ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లవ వంతు! ఎవరి పక్కన ఎవరున్నారో అలా తెలుస్తుంది. ఆ దూరాలన్నీ కంప్యూటర్‌కు ఇస్తే ఆకారం బయటపడుతుంది. కొంచెం పొడవాటి పూస, రెండు గంధకపు బంధాలతో కుట్టినట్టు ఉంది. పూసలన్నీ ఒకే కుటుంబానివి కనుక మిగతావాటినీ ఊహించగలిగారు.

ఇదంతా ఎందుకంటారా? పెద్ద వయసులో చూపు మధ్యభాగం మసకబారే జబ్బు ఒకటుంది. ఏడో పూసలో, 402వ స్థానంలో టైరోసిన్ బదులు హిస్టిడిన్ ఉన్నవారికి ఆ ముప్పు ఎక్కువని 2005లో తేలింది. ఇరవై పూసల దండలో తేడా ఒక్క అమైనో ఆమ్లమే.