తప్పు విద్యుత్ సంధానం వలన హార్డ్ డిస్కు నష్టం

కంప్యూటరులోని హార్డ్ డిస్కుకు విద్యుత్తును అందించే తీగలను తారుమారు చేసినప్పుడు, లేదా దానికి సరిపడని తీగను తగిలించినప్పుడు, డిస్కు అడుగున ఉండే ఎలక్ట్రానిక్ బోర్డు దెబ్బతింటుంది. అటువంటి డిస్కు తిరగదు, కంప్యూటరుకు కనిపించదు. అయితే సమాచారం నిలువ ఉండేది బోర్డు మీద కాదు. లోపలి పళ్ళెములకు పూసిన అయస్కాంత పొరలో. కనుక బోర్డు కాలినంత మాత్రాన సమాచారం నశించినట్లు కాదు. ప్రమాదం కంటే, ఆ తరువాత తొందరపడి చేసే ప్రయత్నాల వలన సమాచారం శాశ్వతంగా పోయే అవకాశం ఉంది.

సికింద్రాబాదు పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ (సి.టి.సి.) కంప్యూటర్ల అమ్మకాలకు, మరమ్మతులకు పేరు పొందిన విపణి. ఇటువంటి చోట విడిభాగాలు కొని కూర్చుకున్న కంప్యూటర్లకు తరువాత ఎస్.ఎం.పి.ఎస్. మార్చడం, రెండవ డిస్కు చేర్చడం సాధారణం. ఈ పొరపాటు ఎక్కువగా జరిగేది అప్పుడే.

విద్యుత్ సరఫరా

3.5 అంగుళాల హార్డ్ డిస్కుకు రెండు వోల్టేజీలు అవసరం. 12 వోల్టులు మోటారును తిప్పుతాయి; 5 వోల్టులు బోర్డు మీది చిప్పులను నడుపుతాయి. లాప్‌టాప్‌లలో వాడే 2.5 అంగుళాల డిస్కుకు 5 వోల్టులే చాలు. ఎస్.ఎం.పి.ఎస్. నుండి వచ్చే తీగలలో పసుపు రంగుది 12 వోల్టులు, ఎరుపు రంగుది 5 వోల్టులు, నారింజ రంగుది 3.3 వోల్టులు, నలుపు రంగుది గ్రౌండు.

నష్టానికి కారణాలు

* మోలెక్స్ కనెక్టరును తిరగవేయడం: పాత నాలుగు పిన్నుల మోలెక్స్ కనెక్టరులో రెండు గ్రౌండు పిన్నులు మధ్యన, 12 వోల్టులు, 5 వోల్టులు చెరొక చివర ఉంటాయి. తప్పుగా దూరకుండా రెండు మూలలను ఏటవాలుగా కోసి ఉంచుతారు. అయినా బలవంతంగా తిరగవేసి నొక్కితే 5 వోల్టుల మార్గంలోకి 12 వోల్టులు ప్రవేశిస్తాయి.
* వేరొక ఎస్.ఎం.పి.ఎస్. తీగను వాడటం: తీగలు విడదీయగల మాడ్యులర్ ఎస్.ఎం.పి.ఎస్.లలో డిస్కు వైపు పిన్నుల అమరిక అన్నిటికీ ఒకటే. ఎస్.ఎం.పి.ఎస్. వైపు అమరికకు మాత్రం ఉమ్మడి ప్రమాణం లేదు. ఒకే సంస్థ నమూనాలలో కూడా అది మారవచ్చు. పాత తీగ కొత్తదానిలో చక్కగా అమరినా వోల్టేజీలు తారుమారు కావచ్చు. ఈ తీగలు తరచుగా పూర్తి నలుపు రంగులో ఉంటాయి కనుక తేడా కంటికి తెలియదు.
* ఇంటి వైరింగులో దోషం: న్యూట్రల్ తీగ స్థానంలో పొరపాటున మరొక ఫేజును కలిపితే ప్లగ్గుకు 230 వోల్టులకు బదులు సుమారు 400 వోల్టులు వస్తాయి. ఈ దెబ్బకు మొదట ఎస్.ఎం.పి.ఎస్. కాలిపోతుంది, కొన్నిసార్లు దానితోపాటు డిస్కులు కూడా దెబ్బతింటాయి.

రక్షణ డయోడులు

అనేక హార్డ్ డిస్కుల బోర్డుపై, విద్యుత్ కనెక్టరుకు దగ్గరగా, టి.వి.ఎస్. డయోడులు ఉంటాయి. సాధారణంగా 12 వోల్టుల మార్గానికి ఒకటి, 5 వోల్టుల మార్గానికి ఒకటి అమరుస్తారు. వోల్టేజీ హద్దు దాటగానే డయోడు ఆ విద్యుత్తును గ్రౌండుకు మళ్ళిస్తుంది. తాకిడి ఎక్కువైతే తానే షార్టు అయిపోతుంది. అది తాను బలియై మిగిలిన చిప్పులను కాపాడే భాగం.

లక్షణాలు

* డిస్కు తగిలించి ఉంటే కంప్యూటరు ఆన్ కాకపోవడం, తీసివేస్తే మామూలుగా ఆన్ కావడం డయోడు షార్టు అయినదనడానికి ముఖ్య సూచన.
* కాలిన వాసన, బోర్డుపై నల్లబడిన చిప్పు కనిపిస్తే నష్టం డయోడును దాటినట్లు అనుమానించాలి.
* డిస్కు తిరుగుతూ టిక్కు టిక్కుమని శబ్దం చేస్తే లోపలి హెడ్లు గాని, వాటి ప్రీయాంప్లిఫయరు గాని చెడి ఉండవచ్చు.

డిస్కు తిరగని ప్రతిసారీ అది కాలినట్లు కాదు. 2016లో వచ్చిన సాటా 3.3 ప్రమాణం ప్రకారం మూడవ పిన్నుకు 3.3 వోల్టులు అందితే డిస్కు ఆగిపోతుంది. ఈ సదుపాయమున్న డిస్కును పాత ఎస్.ఎం.పి.ఎస్.కు తగిలిస్తే బాగున్నదే అయినా తిరగదు.

మరమ్మతు

షార్టు అయిన డయోడును మల్టీమీటరుతో గుర్తించి బోర్డు నుండి తొలగిస్తే, ఇతర భాగాలు బాగున్న పక్షంలో, డిస్కు మళ్ళీ పనిచేస్తుంది. అప్పటికి దానికి రక్షణ ఉండదు. కాబట్టి సరియైనదని నిర్ధారించుకున్న ఎస్.ఎం.పి.ఎస్.తో నడిపి, వెంటనే సమాచారాన్ని వేరొక డిస్కులోకి నకలు చేసుకోవాలి.

బోర్డు పూర్తిగా కాలిపోతే అదే రకం బోర్డును అమర్చుతారు. ఆధునిక డిస్కులలో ఇది మాత్రమే చాలదు. ప్రతి డిస్కుకు ప్రత్యేకమైన సవరణ విలువలు దాని బోర్డుపైని రామ్ కాని మరొక చిప్పులో, అనగా రోమ్‌లో, ఉంటాయి. ఆ చిప్పును పాత బోర్డు నుండి తీసి కొత్తదానిపై సోల్డరు చేయాలి. కొన్ని నమూనాలలో ఈ విలువలు ప్రధాన చిప్పులోనే ఇమిడి ఉంటాయి. అందుచేత కాలిన బోర్డును ఎన్నడూ పారవేయరాదు.

ప్రీయాంప్లిఫయరు చెడితే హెడ్లను మార్చవలసి ఉంటుంది. హెడ్డు పళ్ళెముపై కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతుంది కనుక ఒక్క ధూళి కణమైనా పళ్ళెమును గీయగలదు. ఈ పనిని ధూళిరహిత గదిలో నిపుణులే చేయాలి. డిస్కును ఇంటిలో విప్పరాదు. చెడిన డిస్కును మళ్ళీ మళ్ళీ ఆన్ చేసి చూడరాదు. వారంటీ క్రింద సాధారణంగా కొత్త డిస్కు లభిస్తుంది గాని పాతదానిలోని సమాచారం లభించదు.

నివారణ

* మాడ్యులర్ ఎస్.ఎం.పి.ఎస్.తో వచ్చిన తీగలనే దానికి వాడాలి.
* కొత్త తీగను డిస్కుకు తగిలించే ముందు మల్టీమీటరుతో వోల్టేజీలు చూడాలి.
* మార్పులు చేసేటప్పుడు ముఖ్యమైన డిస్కులను ముందుగా విడదీయాలి.
* బ్యాకప్ డిస్కును అదే క్యాబినెట్టులో ఉంచరాదు. రెయిడ్ పద్ధతిలో అమర్చిన డిస్కులు కూడా ఒకే ఎస్.ఎం.పి.ఎస్. మీద ఆధారపడితే ఒకే పొరపాటుకు అన్నీ కాలిపోవచ్చు. ఆ తీగలతో సంబంధం లేని చోట ఉన్న నకలే నిజమైన బ్యాకప్.