నడిరేయి తలుపు తట్టు అధికారము

స్వేచ్ఛ యనగా జైలు బయట నుండుటయే యని తలంచువారు మనలో పెక్కురు గలరు. చేతులకు సంకెళ్లు లేకున్న చాలును, వాడు స్వతంత్రుడే యని వారి యభిప్రాయము. ఇది సరియైన యభిప్రాయమా కాదా యను ప్రశ్న 1962వ సంవత్సరమున భారత సుప్రీంకోర్టు తేల్చవలసి వచ్చినది. ఆ ప్రశ్నను కొనివచ్చినవాడు దేశనాయకుడు కాడు. ఉత్తరప్రదేశమునకు చెందిన ఖరక్ సింగ్ అను సామాన్యుడు.

1941లో ఈతనిపై దోపిడీ కేసొకటి పెట్టిరి. సాక్ష్యము లేనందున విడిచిపుచ్చిరి. కేసు పోయినది గాని, ఠాణాలో ఆతని పేర తెరచిన హిస్టరీ షీటు మాత్రము పోలేదు. రాత్రివేళ చౌకీదారులును కానిస్టేబుళ్లును వచ్చి తలుపు తట్టి కేకలు వేయుదురనియు, ఒక్కొకప్పుడు లోన ప్రవేశించి నిద్ర లేపుదురనియు, పొరుగూరు పోవలసివచ్చిన ఎచ్చటికి పోవునదియు ఎప్పుడు మరలునదియు చెప్పి పోవలసియుండుననియు ఆతడు మొరపెట్టుకొనెను.

దీనికి ఆధారముగా పోలీసువారు చూపినది ఆ రాష్ట్రపు పోలీసు రెగ్యులేషన్లలోని 236వ నిబంధన. ఇంటికిని ఇంటిదారులకును రహస్యముగా కాపుంచుట. రాత్రులందు ఇంటికి పోయి చూచుట. నడవడి, స్నేహములు, ఆదాయవ్యయములు, వృత్తి మున్నగువానిని విచారించుట. ఊరు విడిచినపుడెల్ల వర్తమానము పంపుట. ఆ రాకపోకలను చీటీలద్వారా సరిచూచుట. ఇన్నిటిని షీటులో వ్రాసియుంచుట. నేరము చేసెనని ఏ న్యాయస్థానమును నిర్ణయింపని మనుజునకు విధించిన కట్టడి యిది!

ఆరుగురు న్యాయమూర్తులలో నలుగురు రాత్రి యింటికి పోవుటను మాత్రము కొట్టివేసిరి. వారు చూపిన కారణము మన మందరము గుర్తుంచుకొనదగినది. ఆ నిబంధన శాసనసభ చేసిన చట్టము కాదు. ప్రభుత్వము తన సిబ్బంది కిచ్చుకొనిన ఉత్తరువు మాత్రమే. చట్టము నిర్ణయించిన విధానమున గాక మరియొక విధమున పౌరుని స్వేచ్ఛను హరింపరాదని రాజ్యాంగపు 21వ అధికరణము శాసించుచుండగా, కచేరీ ఉత్తరువుతో గడప దాటుట చెల్లదనిరి. తక్కిన నిఘాకు మాత్రము వారు అడ్డు చెప్పరైరి. ఏకాంతపు హక్కు మన రాజ్యాంగమున లేదనిరి.

ఈ మాటను కోకా సుబ్బారావుగారు ఒప్పుకొనలేదు. రాజమహేంద్రవరమున జన్మించి, 1954లో ఆంధ్ర హైకోర్టునకు ప్రథమ ప్రధాన న్యాయమూర్తియైన ఈ తెలుగు పెద్ద, జస్టిస్ షాగారితో కూడి, నిబంధన యంతయు చెల్లదని వేరు తీర్పు వ్రాసెను. వెంట పోలీసు చూపు వెన్నాడుచుండగా నడచువానిది స్వేచ్ఛాగమనము కాదు, వానికి దేశమే చెరసాల యని ఆయన వాదము. కాలినడకకు అడ్డు లేకున్నను మనస్సునకు అడ్డు కలదని ఆయన గ్రహించెను. ఐదున్నర దశాబ్దములు గడచినపిమ్మట, 2017 ఆగస్టు 24న, పుట్టస్వామి కేసులో తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా ఏకాంతము ప్రాథమిక హక్కేయని నిర్ణయించి, 1962 నాటి యధికసంఖ్యాకుల మాటను ఆమేరకు త్రోసివేసిరి.

ఈ నిఘా విద్య తెల్లదొరలు నేర్పినది. 1871 నాటి నేరజాతుల చట్టముతో పుట్టుకయే నేరమైనది. 1911 నాటి చట్టముక్రింద మద్రాసు రాజధానిలో ఎరుకలవారి వంటి జాతులకు హాజరు పట్టీలు వచ్చినవి; స్టువర్టుపురము వంటి సెటిల్మెంట్లు వెలసినవి. ఆ చట్టము 1952లో దేశమంతట రద్దయినది. చట్టము పోయినను అలవాటు పోవుట తేలిక కాదు.

మన రెండు రాష్ట్రములలోను దీనికి రౌడీ షీటని పేరు. ఆ మాటకు తెలుగు వెదకవలసిన పని లేకుండునంతగా అది మనవారి నోట పాతుకొన్నది. ఇదియు శాసనసభ చర్చించి చేసిన చట్టమునుండి పుట్టినది కాదు. పోలీసు స్టాండింగు ఆర్డర్లనుండి పుట్టినది. పండుగ వచ్చినను, ఎన్నిక వచ్చినను షీటులో పేరున్నవారిని ఠాణాకు పిలిపించుట మనము ఎరుగనిది కాదు. గ్రామకక్షలలో ఎదుటి పక్షమువానికి షీటు తెరపించుట ఒక యెత్తుగడ యైనదన్న అపవాదును కలదు.

పంటకల్లములును దుకాణములును గలవారము మనకు దొంగల భయము లేదా, గస్తీ మాన్పింతురా యని కొందరడుగుదురు. గస్తీ మానుమని ఎవరును అనుట లేదు. వీధి గస్తీ వేరు, పడకటింటి తలుపు వేరు. నిజముగా అలవాటుపడిన దొంగను కనిపెట్టుటకు అధికారము కావలయునన్న, దానిని శాసనసభ ఇయ్యవలయును. ఏ నేరములకు, ఎంతకాలము, ఏ యధికారి కారణములు వ్రాసి తెరవవలయునో చెప్పవలయును. పేరెక్కువానికి తన మాట చెప్పుకొను వీలుండవలయును. షీటు తెరచు చేతికే దానిని మూయు విచక్షణయు అప్పగించిన, మూయుట యెన్నడు?

2024 మే నెలలో సుప్రీంకోర్టు ఢిల్లీ కేసొకదానిలో, వెనుకబడిన వర్గములవారి పేర్లు యాంత్రికముగా హిస్టరీ షీట్ల కెక్కరాదనియు, ఈ షీట్లు ఠాణా దాటి బయటకు రాదగినవి కావనియు హెచ్చరించి, తమ నియమములను సరిచూచుకొనుడని రాష్ట్రములకు సూచించినది. అమరావతిలోను హైదరాబాదులోను మన శాసనసభ్యులు ప్రశ్నోత్తరముల వేళ అడుగవలసినవి కొన్ని కలవు. జిల్లాకు ఎన్ని రౌడీ షీట్లు తెరచియున్నవి? వానిలో కేసులన్నియు కొట్టివేయబడినవారి వెన్ని? గత యేడాది సమీక్షించి మూసివేసిన వెన్ని?