ఉత్తీర్ణతా శాతం – ప్రవేశాల రిజిస్టరు

పదవ తరగతి ఫలితాలు వెలువడగానే సర్కారు బడిపై తీర్పులు మొదలవుతాయి. శాతమే బడికి కొలబద్ద అన్న భావన మన సాహిత్యంలోకీ ప్రవేశించింది. కాని ఫలితాలను, ఆ బడిలో చేరే పిల్లల జీవితాల నుంచి విడదీసి చూడటం అశాస్త్రీయమని బడిపంతులుగా నా అభిప్రాయం.

అమీర్‌పేట, పంజాగుట్టలనే తీసుకుందాం. వీటికి ఆనుకునే ఉన్న బేగంపేటలో, జాగీర్దారుల పిల్లల కోసం 1923లో నెలకొల్పిన కళాశాల, జాగీర్దారీ రద్దయ్యాక 1951లో హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ అయింది. పబ్లిక్ అంటే ప్రజలే; అయినా పబ్లిక్ స్కూలంటే ఫీజు కట్టగలవారి బడి అనే అర్థం స్థిరపడింది. కట్టలేనివారికి మిగిలింది సర్కారు బడి. వాచ్‌మన్ పిల్లలు, ఇళ్లలో పాచిపని చేసే తల్లుల పిల్లలు, అడ్డా కూలీల పిల్లలు అక్కడ చేరతారు. పని వెతుక్కుంటూ కుటుంబం కదిలితే చదువు నడిమధ్యలో ఆగుతుంది. ప్రైవేటు బడి ప్రవేశంలోనే వడపోసుకోగలదు. సర్కారు బడి ఎవరినీ కాదనదు. ఈ రెండింటి శాతాలను పక్కపక్కన పెట్టడం ఏం న్యాయం? పైగా శాతం లెక్కించేది పరీక్ష రాసినవారిలోనే. ఎనిమిదిలో మానేసిన పిల్ల ఏ లెక్కలోనూ ఉండదు.

ప్రవేశాలు ఎందుకు తగ్గుతున్నాయి? 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక పాఠశాలలో 60 మంది వరకు ఇద్దరు ఉపాధ్యాయులుంటే చాలు. తరగతులు మాత్రం ఐదు. ఒక్కరే రెండు మూడు తరగతులకు చెప్పాలి. చదువు కుంటుపడుతుంది. అది చూసి తల్లిదండ్రులు అప్పోసప్పో చేసి కాన్వెంటుకు పంపుతారు. సంఖ్య మరింత తగ్గుతుంది. ఇక్కడ ఫలితమే తిరిగి కారణమవుతుంది.

మైత్రీవనం చుట్టూ సాఫ్ట్‌వేర్ శిక్షణ బోర్డులు చూసే తల్లి, ఇంగ్లీషే ఉద్యోగమని గ్రహిస్తుంది. ఆమెను మాతృభాషా ద్రోహి అనడం తేలిక. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022–23 నుంచి ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశపెట్టారు. కాని మాధ్యమం మారినంత మాత్రాన ఇద్దరు పంతుళ్లు ఐదుగురు కారు. ఇరుగుపొరుగు పిల్లలందరూ కలిసి చదివే ఉమ్మడి బడిని కొఠారీ కమిషన్ 1966లోనే సూచించింది. అది అమలైతే వాచ్‌మన్ కొడుకూ, ఆ అపార్టుమెంటు యజమాని కొడుకూ ఒకే బెంచీ మీద కూర్చోవాలి. ఆ సూచన ఎందుకు అటకెక్కిందో వేరే చెప్పనక్కరలేదు.

మన బడి కథలు ఎక్కువగా మంచి పంతులు, చెడ్డ పంతులు చుట్టూ తిరుగుతున్నాయి. వ్యక్తి గుణదోషాలతో వ్యవస్థను వివరించబోతే వాస్తవికత దెబ్బతింటుంది. కొత్తగా రాసే మిత్రులు ముందు మీ వీధి బడికి వెళ్లి ప్రవేశాల రిజిస్టరు చూడండి. ఎవరి పేరు, ఏ నెలలో, ఎందుకు కొట్టేశారో అడగండి. మన కథావస్తువు అక్కడుంది.