వెనుకకు తన్నిన బంతి



ముప్పదియేండ్లు తెలుగు, సంస్కృతము బోధించి విశ్రాంతి గైకొన్నవాడను. వ్యాకరణము చెప్పుకొనువానికి కాలిబంతితో నేమి పని యని మీరడుగవచ్చును. మా కుందుర్పి వంటి చోట్ల పంతులు ఒక్క పని చేసిన చాలదు. ఆటల మాస్టరు లేని సంవత్సరములలో ఆ యీల నా మెడలో పడినది. పిల్లలు కళాశాలలో చేరిన పిమ్మటను, సాయంకాలమగుసరికి నా యొద్దకే వచ్చుచుండిరి. కాలిబంతి యాటలో మొదటి తన్నునకు, అనగా కిక్కాఫునకు, సంబంధించిన నియమము కొంచెము మారినందున మా పిల్లల జట్టునకు వచ్చిన నష్టమును, పిదప కలిగిన లాభమును నేడు మీకు విన్నవింపదలచితిని.

అది 2016వ సంవత్సరము శ్రావణమాసము. కళాశాల జట్ల నడుమ పోటీ. మా పిల్లలు ఒక గోలు చేసి ముందంజలో నుండిరి. గోలు పోగొట్టుకొన్న జట్టు మైదానపు నడుమ నుండి మరల ఆట మొదలుపెట్టవలెను గదా. ఎదుటివాడు బంతిని ముందునకు గాక తిన్నగా వెనుకకు తన్నెను. మా ముందువరుస పిల్లలు చేతులెత్తి "ఫౌలు, ఫౌలు" అని రిఫరీ వంక చూచుచు నిలిచిపోయిరి. ఈల మ్రోగలేదు. వెనుకనున్నవాడు బంతిని కుడిప్రక్కకు దూరముగా పంపెను; అచ్చటివాడు అడ్డులేక పోయి గోలు చేసెను. ఆటముగియులోపల మరియొక గోలును పోయినది. ఓడి వచ్చుచుండగా మా కెప్టెను, వేరుసెనగ చేలలో కూలికి పోవు తల్లి కొడుకు, నన్ను చూచి మెల్లగా అడిగెను: "వెనక్కి తన్నగూడదని మీరే గదా సార్ చెప్పింది?"

నేనే చెప్పితిని. కాని ఆ యేడు జూన్ 1 నుండి నియమము మారినది. నేను చూచుకొనలేదు. పిల్లల తప్పు లేదు.

ఈ నియమము పూర్వకథ వినుడు. ఇంగ్లండులో 1863లో వ్రాసిన మొదటి నియమములలోనే మైదానపు నడుమ బంతి నుంచి తన్నుటయు, అంతవరకు ఎదుటి జట్టు పది గజముల దూరమున నుండుటయు కలవు. నేను చదువుకొను దినములలో ఆ తన్ను ఎదుటివారి సగములోనికే పోవలెను. బంతి తన చుట్టుకొలతయంత, అనగా సుమారు 27 అంగుళములు, దొర్లినగాని ఆటలోనికి వచ్చినట్లు కాదు. 1997లో చుట్టుకొలత మాట తీసివేసి, బంతి ముందునకు కదలిన చాలుననిరి; మొదటి తన్నుతోనే గోలు చేసినను చెల్లుననిరి. 2016లో "ముందునకు" అను మాటయు పోయినది. బంతి స్పష్టముగా కదలిన చాలును. ఏ దిక్కునకైనను తన్నవచ్చును. వెనుకకు తన్నిన బంతి ఎవ్వరికిని తగులక తన గోలులోనే పడినచో గోలు కాదు. ఎదుటివారికి కార్నరు తన్ను దొరకును.

ఇది స్వల్పమని తోచును. ఏలయన పూర్వమును ఇద్దరు బంతి యొద్ద నిలువగా, ఒకడు జానెడు ముందునకు త్రోయును, రెండవవాడు వెంటనే వెనుకకు పంపును. పేరునకు ముందునకు, పనికి వెనుకకు. అట్లయిన మారినదేమి? రెండు మారినవి.

మొదటిది, నిలిచిపోయినవానికి కలుగు ఫలము. పూర్వము బంతి వెనుకకు పోయినచో రిఫరీ మరల తన్నించెడివాడు. మనవారు ఆగి చూచినను నష్టము లేదు. ఆట మొదలే కాలేదు. ఇప్పుడో, ఆ తన్నుతోనే ఆట మొదలైనది. చేయెత్తినవాడు చేయెత్తినట్లే యుండగా బంతి వానిని దాటిపోవును. మా పిల్లలకు జరిగినది ఇదే. వ్యాకరణమున ఒక్క పదము తీసివేసినచో సూత్రపు వ్యాప్తి పెరుగును. నిన్న దోషమైనది నేడు సాధువగును. ఆ సంగతి తరగతిలో వేయిసారులు చెప్పిన నేను మైదానములో మరచితిని.

రెండవది, మనుష్యుల పొదుపు. ఇప్పుడు బంతి యొద్ద ఒక్కడు చాలును. తన్నువాడు తప్ప తక్కిన పదిమందియు తమ సగములో తమకు కావలసిన చోట్ల ముందే నిలువవచ్చును. మరుదినము నుండి మేమదే అభ్యసించితిమి. ఒకడు నడిమివానికి వెనుకకు ఇచ్చును. ఆ క్షణముననే ప్రక్కలవారు ఇద్దరు పరుగు తీయుదురు. ఎదుటివారి తన్నైనచో, బంతి కదలినంతనే మా ముగ్గురు దానిపైకి పోవుదురు. ఈల వినబడువరకు ఎవ్వడును చేయెత్తరాదు.

ఇక 2019లో వచ్చిన మార్పు మా నేలకు మరింత దగ్గరిది. పూర్వము నాణెపు పందెము గెలిచినవాడు దిక్కునైనను, తన్నునైనను కోరుకొనెడివాడు. 1997లో దిక్కు మాత్రమే మిగిల్చి, తన్ను ఓడినవారికిచ్చిరి. 2019లో గెలిచినవానికి ఆ రెంటిలో నొకటి యెన్నుకొను స్వేచ్ఛ మరల వచ్చినది. మొదటి సగములో దిక్కు నెన్నుకొన్న జట్టు రెండవ సగమును తన్ని ప్రారంభించును.

మా కుందుర్పి మెట్టలో వాన తక్కువ, గాలి యెక్కువ. మృగశిర కార్తె మొదలు మఖ కార్తె వరకు పడమటిగాలి ఎఱ్ఱదుమ్మును లేపుకొని వచ్చును. గడ్డిలేని గరుసునేలపై బంతి మోకాలెత్తు ఎగిరి, గాలికి చిక్కి, తన్నినవాని మీదికే తిరిగి వచ్చును. మా మైదానము తూర్పుపడమరలుగా నున్నది. కనుక పడమటి కొసన నిలిచి తూర్పునకు ఆడువారికి గాలి తోడు. ఎండయు వెన్నునే యుండును. అందువలన ఆషాఢశ్రావణములలో పందెము గెలిచినచో దిక్కునే కోరుమని పిల్లలకు చెప్పితిని. గాలి బలముగా నున్న మొదటి సగములో గోలు చేసి, రెండవ సగములో ఎదురుగాలిని ఓర్చుకొనవలెను. అప్పుడు తన్ను మనదే యగును. పూర్వమువలె గాలికెదురుగా బంతిని ముందునకు పంపనక్కరలేదు. వెనుకకిచ్చి, నేలబారుగా చిన్నచిన్న అందింపులతో మన యొద్దనే యుంచుకొనవచ్చును. గాలి లేని మార్గశిరమున మాత్రము తన్నునే కోరుట మేలు. ఇట్లు రెండు మార్పులును కలిసి, ఎదురుగాలి కొసనున్న జట్టునకు ఒక చిన్న ఊతకఱ్ఱ నిచ్చినవి.

ఇతర దేశములందును మొదటి తన్ను మారుచునే యున్నది. అమెరికా కళాశాలలలో ఫుట్‌బాలను పేర ఆడు ఆట వేరు; అందు బంతిని చేతబట్టి పరుగెత్తుదురు. అచ్చట 2012లో తన్ను చోటును 30 గజముల గీత నుండి 35 గజముల గీతకు జరిపిరి. 2018లో, బంతి నందుకొనువాడు తన 25 గజముల గీతకు లోపల చేతితో సైగచేసి పట్టుకొన్నచో, ఆ 25 గజముల గీత నుండియే ఆడవచ్చునని యేర్పరచిరి. ఎదురెదురుగా పరుగెత్తి ఢీకొనుటచే తగులు దెబ్బలను తగ్గించుట అందలి యుద్దేశము. అచ్చటి జట్లును తమ అభ్యాసమును మార్చుకొనవలసి వచ్చినది.

మన తెలుగునాట ఈ యాటకు పేరు తెచ్చిన హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారును ఒకప్పుడు బడిపంతులే. ఆయన శిక్షణలో భారతజట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానమును, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణమును పొందెను. నావంటి పంతులు ఆయన యంతటివాడు కానక్కరలేదు. కాని ఆ యేటి నియమములు చదువుటకు గొప్పవాడు కావలసిన పనియు లేదు. ఆ పుస్తకము ఇంగ్లీషులో నుండును. పల్లెటూరి పిల్లవాడు దానిని తెరువడు. మాస్టరు చెప్పినదే వానికి శాస్త్రము. కనుక మాస్టరు పాతబడినచో జట్టు అంతయు పాతబడును.

నాటి కెప్టెను నేడు సేద్యము చూచుకొనుచు, సాయంకాలములందు చిన్నవారికి ఆట నేర్పుచున్నాడు. ప్రతి సంవత్సరమును బడులు తెరచిన వారమున మా యింటికి వచ్చి, అరుగుపై కూర్చుండి, "ఈ యేడు ఏం మారింది సార్?" అని యడుగును. పుస్తకము ముందు పెట్టుకొని ఇద్దరమును చదువుకొందుము. ఏమియు మారలేదని తేలిన సంవత్సరమును కలదు. ఆ సంవత్సరమును మేము కడవరకు చదివియే లేచితిమి.

సెలవు.