కందెన మారితే చక్రం విరుగుతుంది!

ఎడ్లబండి ఇరుసుకు కందెన లేకపోతే బండి నడవదన్నది రైతులందరికీ తెలిసిన విషయమే. కారు చక్రానికీ అదే సూత్రం. అయితే ఒక పాత కారుకు మాత్రం కందెన పెట్టినంతమాత్రాన సరిపోదు. ఏ కందెన పెట్టారన్న దానిపైనే ఎక్కినవారి క్షేమం ఆధారపడి ఉంటుంది.

ఆ కారే స్టాండర్డు హెరాల్డు. 1961 నుంచి 1971 వరకు మద్రాసులో తయారైంది. ఇంగ్లండులో 1962లో వచ్చి 1980 వరకు నడిచిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్సు కారుకు ముందు చక్రాల అమరిక హెరాల్డు నుంచే తీసుకున్నారు. అందువల్ల అక్కడి స్పోర్ట్సు కారుకూ, ఇక్కడి హెరాల్డుకూ రోగం ఒకటే, మందూ ఒకటే.

రోగం ఎక్కడ?

హెరాల్డు సుమారు 25 అడుగుల మేరలోనే గిర్రున తిరిగిపోతుంది. ఇరుకు సందుల్లో దానికి సాటి లేదనిపించుకుంది. ముందు చక్రాన్ని మోసే ఉక్కు కడ్డీకి పైన బాల్ జాయింటు, కింద మరలు ఉంటాయి. ఆ మరలు ట్రనియన్ అనే కంచు దిమ్మెలో బిగిసి ఉంటాయి. స్టీరింగు తిప్పిన ప్రతిసారీ కడ్డీ ఆ దిమ్మెలో తిరుగుతుంది.

ఈ దిమ్మెలోకి 90 నంబరు గేరు ఆయిలు ఎక్కించాలి. గ్రీజు పనికిరాదు. నిప్పిల్ కనిపించగానే గ్రీజు గన్ను పెట్టేయడం పలుచోట్ల జరిగే పొరపాటు. గ్రీజు మరల సందుల్లోకి సరిగా పాకదు, కొన్నాళ్ళకు గట్టిపడుతుంది. ఆపైన నీరు చేరి, ఉక్కు తుప్పు పట్టి, మరలు అరిగిపోతాయి. చివరకు ఒకనాడు మలుపులో కడ్డీ పుటుక్కున విరిగి చక్రం కారు కిందికి మడత పడుతుంది. పైకి చూస్తే ఈ అరుగుదల కనిపించదు. ఇదే అసలు ప్రమాదం.

మార్చే పద్ధతి

ఈ కారుకు బానెట్ మొత్తం ముందుకు తెరుచుకుంటుంది కనుక పని సులువే. కారును జాకీతో లేపి, ఛాసిస్ కింద గట్టి స్టాండ్లు పెట్టాలి. జాకీని నమ్ముకుని కింద దూరకూడదు. షాక్ అబ్జార్బరు చుట్టూ ఉన్న కాయిల్ స్ప్రింగు ఒత్తిడిలో ఉంటుంది. దాన్ని విడదీయాలంటే స్ప్రింగును నొక్కి పట్టే పనిముట్టు తప్పనిసరి. అది లేకుండా నట్టు విప్పితే స్ప్రింగు ఎగిరి తగులుతుంది.

దిమ్మె బోల్టు లోపలి గొట్టంతో కలిసి తుప్పు పట్టి కదలకపోవడం మామూలే. అప్పుడు రంపంతో కోయవలసిందే. కింది చేతుల్ని ఛాసిస్ నుంచి విప్పేటప్పుడు మధ్యలో ఉండే పల్చటి రేకులు ఎక్కడ ఎన్ని ఉన్నాయో రాసుకోవాలి. చక్రం వాలు వాటిమీదే ఆధారపడుతుంది. కుడి దిమ్మె ఎడమకు, ఎడమది కుడికి పనికిరాదు.

కొత్త దిమ్మెను కడ్డీపై పూర్తిగా ఎక్కించి, తిరగడానికి వీలుగా కొంచెం వెనక్కి తిప్పాలి. రబ్బరు బుష్షుల బోల్టులను కారు బరువు చక్రాలపై పడ్డాకే చివరిగా బిగించాలి. గాలిలో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. విప్పిన కాటరు పిన్నులను మళ్ళీ వాడకూడదు.

అతుకు వద్దు

మద్రాసు కంపెనీ మూతపడి చాలా ఏళ్ళయింది. విడిభాగాలు దొరకడం లేదని అరిగిన కడ్డీకి వెల్డింగు చేయించడం ప్రాణాలతో చెలగాటమే. ఇంగ్లండులో స్పిట్‌ఫైర్ కార్లను నేటికీ నడిపేవారు ఉన్నందున అక్కడ ఈ భాగాలు కొత్తగా తయారవుతున్నాయి. ఆలస్యమైనా తెప్పించుకోవడమే మేలు.

పాత హెరాల్డు కొన్నవారు, అంతకుముందు దానికి ఏ కందెన పెట్టారో తెలియకపోతే దిమ్మె విప్పించి మరలు చూపించుకోవడం మంచిది. షెడ్డులో కారు వదిలేటప్పుడు “ఇక్కడ గ్రీజు కాదు, ఆయిలు” అని ముందే చెప్పాలి. ఆ ఒక్క మాట మరిస్తే నష్టం కారుతో పోదు.