రావులపాలెం: గెల ఆగదు

రాజమండ్రి నుంచి విజయవాడ వైపు బస్సెక్కితే, జొన్నాడ దగ్గర గౌతమి వంతెన దాటగానే తగిలే ఊరు రావులపాలెం. కోనసీమకు గుమ్మం ఇదే. చుట్టుపక్కల లంకల రైతులందరికీ ఇది అరటి మార్కెట్టు.

ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది. 1852లో ఆనకట్ట కట్టాక కాలువల కింద వరి పెరిగింది. ఏటిగట్టుకు లోపలున్న లంకల్లో మాత్రం వరద మేట వేసిన ఒండ్రే ఎరువు. ఆ నేలలో అరటి ఏపుగా వస్తుంది.

మాది లంక పొలమే. మా నాన్న సైకిలు వెనక అడ్డకర్ర కట్టి, రెండు పక్కలా గెలలు వేలాడదీసేవారు. ఆ బరువుతో తొక్కడం కుదరదు, గట్టు వెంట తోసుకుంటూ తెల్లారేసరికి మార్కెట్టుకు చేరాలి. ఇప్పుడు ఆటోలు, వ్యాన్లు వచ్చాయి. పొద్దున్నే చేరాలన్న తొందర మాత్రం పోలేదు.

కర్పూర చక్కెరకేళి, తెల్ల చక్కెరకేళి, బుషావళి, బొంత, ఇలా ఏ రకానికారకం వరుసలుగా పెడతారు. బేరం గెల లెక్కన. కొనేవాడు అత్తాలు ఎన్నున్నాయో చూస్తాడు, కాయను తడుముతాడు. కాయ అంచులు కరిగి గుండ్రబడితే అది పక్వానికొచ్చినట్టే, దూరం పంపడానికి పనికిరాదు. అందుకే ఒడిశా వెళ్లే లారీకి కాస్త పచ్చిగా ఉన్నవే కావాలి. గెలకూ గెలకూ మధ్య ఎండుటాకు వేసి, కాయ నలగకుండా పేరుస్తారు.

కోసిన గెల ఆగదు. లారీలు తక్కువొచ్చిన రోజున చెప్పిన ధరకు ఇవ్వాల్సిందే. వెనక్కి తీసుకెళ్లి ఏం చేస్తాం? శ్రావణం, కార్తీకం, పెళ్లిళ్ల రోజుల్లో చేతినిండా డబ్బు కనిపిస్తుంది. మూఢం వస్తే అదే గెలను అడిగేవాడుండడు.

ఇక గోదావరి. 2022 జులై వరదల్లో లంకలు మునిగిపోయాయి. అరటి మొదట్లో నాలుగు రోజులు నీళ్లు నిలిస్తే వేరు కుళ్లిపోతుంది. గట్టిగా గాలివాన కొడితే గెల వేసిన చెట్టు నడుముకు విరుగుతుంది. పంట పోయినా కౌలురైతు కౌలు మాత్రం కట్టాల్సిందే. అమృతపాణి రకానికైతే ఎండుతెగులు పట్టుకుంది. అంత కమ్మటి పండు తోటల్లో తగ్గిపోవడానికి పెద్ద కారణం అదే.

ఇక్కడి రైతుకు పంట పండించడం ఒకరు నేర్పనక్కర్లేదు. కావలసినవి రెండే: ధర లేని రోజు గెలను నిలబెట్టుకునే చల్లని గోదాము, వరద పరిహారం పొలం యజమాని ఖాతాలో కాక కౌలుదారు చేతిలో పడే ఏర్పాటు. ఈ రెండూ ప్రభుత్వం చేయగలిగినవే, చేయవలసినవే.