లెన్స్ చాటు అమీబా

కుళాయి నీళ్లతో మొహం కడుక్కోవచ్చు. కాంటాక్ట్ లెన్స్ మాత్రం కడగకూడదు. ఎందుకంటే మట్టిలో, దుమ్ములో, ఈతకొలనులో, మన మిద్దె మీది ట్యాంకులో కూడా అకాంతమీబా అనే ఏకకణజీవి ఉండొచ్చు. దాని తిండి బాక్టీరియా. బతకడానికి మన కన్ను దానికి అక్కర్లేదు, కానీ దారి దొరికితే వదిలిపెట్టదు.

ఇది మొదట కనిపించింది ఒక ఈస్ట్ కల్చర్‌లో. 1930లో శాస్త్రవేత్త ఆల్డో కాస్టెల్లానీ గమనించాడు. కంటికీ చేటు చేస్తుందని తెలియడానికి 1970లు రావాల్సి వచ్చింది.

ఆ తర్వాత మెత్తటి లెన్సుల కాలం. 1980లలో అమెరికాలో చాలామంది డిస్టిల్డ్ వాటర్‌లో ఉప్పుబిళ్లలు కరిగించి లెన్స్ ద్రావణం ఇంట్లోనే చేసుకునేవారు. నాలుగు డాలర్లు మిగిలాయేమో గానీ, దశాబ్దం మధ్యకల్లా కంటికి ఈ అమీబా సోకిన కేసులు ఒక్కసారిగా పెరిగాయి. కొన్న ద్రావణమైతే భయం లేదా? 2007లో అక్కడే ఒక పేరున్న ద్రావణం వాడినవారిలో ఈ జబ్బు ఎక్కువగా కనిపించి, కంపెనీ సరుకంతా వెనక్కి తీసుకుంది.

లెన్స్ డబ్బా లోపల పట్టే జిగట పొర నిండా బాక్టీరియా ఉంటుంది. అంటే అమీబాకు అన్నం వడ్డించి పెట్టినట్టే. పైగా లెన్స్ రాపిడికి కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శక భాగం, పైపొర గీసుకుపోతుంది. అలా గీసుకున్న చోట మానోజ్ అనే చక్కెర ఉన్న ప్రొటీన్లు పెరుగుతాయి. అమీబా పట్టుకు వేలాడేది సరిగ్గా వాటినే. లోపలికి వెళ్లాక నరాల వెంట పాకుతుంది. అందుకే పైకి కన్ను కాస్త ఎర్రగా ఉన్నా నొప్పి భరించలేనంతగా ఉంటుంది. డాక్టర్లు కూడా తొలి రోజుల్లో దీన్ని హెర్పిస్ వైరస్ జబ్బు అనుకుని పొరబడుతుంటారు.

మందు పడగానే అమీబా రెండు పొరల గోడ కట్టుకుని సిస్ట్‌గా మారిపోతుంది. ప్రయోగశాలల్లో ఈ సిస్టులు ఇరవై ఏళ్లు దాటినా బతికే ఉన్నాయి. ఈతకొలనులో వేసే మామూలు మోతాదు క్లోరిన్‌కు ఇవి చావవు. తమాషా ఏమిటంటే, కొలనుల శుద్ధికి వాడే మరో రసాయనం పీహెచ్ఎంబీని 0.02 శాతానికి పలచన చేసి కంటి చుక్కలుగా వాడుతున్నారు. మొదట్లో రాత్రీపగలూ గంటకోసారి వేయాలి, ఆపై నెలల తరబడి.

పాశ్చాత్య దేశాల్లో ఈ రోగుల్లో నూటికి ఎనభై మందికి పైగా లెన్సులు వాడేవారే. మన దగ్గర లెక్క తిరగబడింది. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రికి వచ్చిన రోగుల్లో అత్యధికులు లెన్స్ ముఖమే ఎరుగరు. కంట్లో దుమ్మో దెబ్బో తగిలినవాళ్లు, మురికి నీళ్లు చిందినవాళ్లు. లెన్స్ లేదు కాబట్టి ఇది కాదులే అనుకునే వైద్యుడికి ఈ జబ్బు ఇక్కడ దొరకదు.

లెన్సులు పెట్టుకునేవారు వాటితో స్నానం చేయొద్దు, ఈతకు దిగొద్దు. ఏ రోజుకారోజు పారేసే రకం దొరికితే అదే మేలు. పొలంలో కంట్లో నలుసు పడితే కాలవ నీళ్లతో కడగకండి. నొప్పి తగ్గకుంటే మందుల షాపులో స్టెరాయిడ్ చుక్కలు అడగకుండా, నేరుగా కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి.